మడత మీది ఊరు

బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి,
లేకపోతే తలుపు తెరవగానే ఊడిపోతుంది
అంటాడు ఎవరిస్తో.
ముప్పై ఒక్కేళ్లుగా అంటున్నాడు.
మొదటి ఏడు నిజంగానే ఊడింది.
కొత్త పెళ్లికూతుర్ని, దక్షిణాది గాలి సంగతి నాకేం తెలుసు!
ముళ్లపొదల్లోకి దొర్లుకుంటూ పోతున్న తలుపు వెనక పరిగెత్తాడు,
నెత్తి మీది టోపీ కూడా లేచిపోయింది.
తలుపు దొరికింది.
టోపీ ఇంకా పోతూనే ఉండుంటుంది.

కొట్లలో తూకాలు సరిచూసే ఉద్యోగం ఆయనది.
సెలవు పెట్టినా చెయ్యి ఊరుకోదు,
దారిలో ఉల్లిపాయలు కొన్న ప్రతిచోటా
త్రాసు వంక దొంగని చూసినట్టు చూస్తాడు.
నేను సిగ్గుతో బయటికొచ్చి నిలబడతాను.

మా దేశం పొడుగ్గా ఉంటుంది,
అలిగి, అలక మరిచిపోయి,
మళ్లీ అలగడానికి సరిపోయేంత.
నలభయ్యో నంబరు రోడ్డు మీద
మా పోట్లాటలకి కొలత కిలోమీటర్లే.
మెండోసా దాటాక, నా డ్రైవింగు గురించి: నూట నలభై.
మా అమ్మని అన్న మాటకి: రెండొందల పది,
మధ్యలో టైరు పేలకపోతే ఇంకా సాగేది.
పిల్లలు లేరన్న మాట మాత్రం
ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో,
అసలు ఆగిందో లేదో
ఇద్దరం మీటరు చూడలేదు.

పటం మడతల దగ్గర చిరిగింది.
సరిగ్గా ఒక మడత మీద ఒక ఊరు.
పేరులో మొదటి అక్షరాలు ఈ ముక్కలో,
చివరివి ఆ ముక్కలో,
మధ్యవి మా వేళ్ల కిందే అరిగిపోయాయి.
ఈసారి అక్కడ ఆగుదాం, అనుకుంటాం ప్రతి ఏడూ.
ఒకసారి చీకటి పడుతుంది,
ఒకసారి నాకు నిద్ర పడుతుంది,
దాటేశాక గుర్తొస్తుంది.

ఈ ఏడు మొత్తం నేనే నడుపుతున్నాను.
ఆయనకిప్పుడు దేనికైనా అంచులే కనిపిస్తాయి,
నడిమధ్య బూడిద రంగు మసక.
నన్ను చూడాలంటే
నా చెవి పక్కకి చూస్తాడు.
మొదట్లో వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేదాన్ని.

ఇన్నేళ్లూ మాతే కాచి అందించింది నేను.
ఇప్పుడు సొరబుర్ర ఆయన మోకాళ్ల మధ్య,
ఫ్లాస్కు వంచి, చెవి ఒగ్గి,
నీళ్ల చప్పుడు సన్నబడగానే ఆపుతాడు.
ఒక్కోసారి పొంగి ప్యాంటు తడుస్తుంది.
గతుకు, అంటాడు.
తారు అద్దంలా ఉంది.
అవును పెద్ద గతుకే, అంటాను.

"ఒతీలియా, కంచె దగ్గర గ్వానకోలున్నాయా?"
"ఏడు," అన్నాను.
కంచె ఉంది. తీగకి చిక్కుకున్న ఉన్ని తుంపులున్నాయి. అంతే.
చాలాసేపు పలకలేదు.
"నేను పదకొండు లెక్కపెట్టానే!"
తూకాల మనిషి, అబద్ధం బరువు తెలియకపోతుందా!
తెలిసే, పైన నాలుగు కొసరు వేశాడు.

మధ్యాహ్నం ఒక బోర్డు కనిపించింది.
ఎవరో వేటగాళ్లు తుపాకీ గుళ్లతో చిల్లులు పొడిచారు,
పేరు మధ్యలో తుప్పు.
బండి ఆపాను, ముక్కు గాలికి పెట్టి.
ఒక పంపు, మూతబడ్డ బడి, మొరగడానికి బద్ధకించిన కుక్క,
తెరిచి ఉన్న ఒకే ఒక్క కొట్టు.
"ఇదేనా?"
"ఇదే," అన్నాను. నాకేం తెలుసు!

కొట్టావిడ ఆపిళ్లు తూచింది.
ఎవరిస్తో పళ్లెం అంచు మీద వేలు ఆనించాడు,
నాడి చూసే వైద్యుడిలా తల వంచి.
ఈసారి నేను బయటికెళ్లలేదు.

"ముల్లు తప్పు," గుసగుసగా అన్నాడు నా చెవి పక్కకి చూస్తూ,
"కిలోకి ఇంకో కాయ ఎక్కువే ఇస్తోంది పాపం."
"చెప్తావా?"
"వెళ్లేటప్పుడు చెప్దాం," అన్నాడు,
"ముందు ఇంకో రెండు కిలోలు తీసుకో."